దస్తబర్దారీ

ఉప్పల్ రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదుట
జిరాక్స్ షాపుకీ చెరుకురసం బండికీ నడుమ
నా బల్ల.
ముప్పయ్యొక్కేళ్ళుగా ఎవరెవరి భూములో
నా వేళ్ళ మీదుగా చేతులు మారాయి.
నా గోళ్ళలో మాత్రం కార్బన్ నలుపు తప్ప
మట్టి ఎన్నడూ లేదు.

పని నేర్పిన ఖైసర్ సాబ్ ఈ కాగితాన్ని
దస్తబర్దారీ అనేవాడు.
దస్త్ అంటే చెయ్యి. బర్దారీ అంటే ఎత్తడం.
చేతులెత్తేయడమేనా ఉస్తాద్, అంటే
పాన్ నిండిన నోటితో నవ్వి
"నై మియా, ఎత్తేది ఒకరు, ఎత్తించేది ఇంకొకరు" అన్నాడు.
తెలుగులో మేం హక్కు విడుదల అంటాం,
జైలు నుంచి ఎవరో బయటికొచ్చినట్టు.

మొన్న మంగళవారం అండాలమ్మ వచ్చింది,
బండి మీద ఇద్దరు తమ్ముళ్ళ నడుమ కూర్చుని.
పీర్జాదిగూడ దిగువన మూసీ ఒడ్డు గడ్డి మడి,
ఊరి మురుగు తాగి ఏపుగా లేచే గడ్డి,
తెల్లారేసరికి అంబర్‌పేట బర్రెల ముందు పడే గడ్డి.
తండ్రి పోయాక ముగ్గురి పేర్లెక్కాయి.
గుంటల లెక్క పోయి గజాల లెక్క వచ్చాక
రెండు పేర్లు చాలనుకున్నారు.

ఆనవాయితీ ప్రకారం చదివి వినిపించాను:
"ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేక, నా పూర్తి ఇష్టముతో,
పసుపు కుంకుమల కింద ముట్టిన యాభై వేలకు గాను
నాకు గల యావత్తు హక్కులను త్యజించుచున్నాను..."

"ఆగు సారూ. ఏందది, తె... త్తె...?"
"వదిలేస్తున్నానని."
"గట్లనే రాయరాదు. ఇడిసిపెట్టిన అని."
"అట్లా రాస్తే చెల్లదమ్మా."
"నా నోటికి రాని మాటయితె చెల్లుతదా?"

పెద్ద తమ్ముడు గడియారం చూసుకున్నాడు.
చిన్నవాడు పోయి అక్కకు చెరుకురసం తెచ్చాడు,
ఐసు లేకుండా.
ఆమె పళ్ళు జివ్వుమంటాయని వాడికి గుర్తుంది.

గొంతు సవరించుకుని ముందుకు పోయాను:
"నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణ, ఆగామి, సిద్ధ, సాధ్యములనెడి
అష్టభోగములతో సహా..."
ఒక్కొక్కదాని దగ్గరా ఆపింది.
నిధి అంటే పాతిన సొమ్ము.
"మా నాయిన పాతినయి అప్పులే."
జలమంటే నీళ్ళు.
"గా కంపు నీళ్ళా? తీస్కోమను."
పాషాణమంటే రాయి.
"కొడవలి నూరే రాయొకటుండె. పోయినేడు వరదల పాయె."
మిగతావాటికి నేనే తడబడి
అవన్నీ ఉత్త మాటలమ్మా, అనేశాను.
ఎనిమిదీ అయ్యాక వేళ్ళు మడిచి లెక్క చూసుకుని
మెల్లగా అడిగింది:
"ఇండ్ల గడ్డి లేదు గద?"

లోపల యంత్రం ఆమె బొటనవేలిని పట్టలేదు.
కొంగుతో తుడవమన్నారు. తుడిచింది.
గట్టిగా ఒత్తమన్నారు. ఎడమది పెట్టమన్నారు.
నలభై ఏళ్ళ కొడవలి పిడి, పొద్దు పొద్దున్నే గడ్డి కోరలు,
వేలి గీతల్ని ఆ మడి ఎప్పుడో తీసుకుంది.
చెయ్యి ఎత్తాలంటే ముందు ఆనించాలి,
ఆనిస్తే ఎవరిదో తెలియాలి.
ఐదోసారికి, ఎందుకో, పచ్చ దీపం వెలిగింది.
ఆ పైన సిరా ముద్ర.

బయటికొచ్చి వేలిని గోడకు రాసింది,
అందరూ రాసే గోడకే. నీలం మీద నీలం.
"గడ్డి నాదే గద సారూ" అంది మళ్ళీ.

సిద్ధమంటే ఇప్పటికే పండి ఉన్నది.
సాధ్యమంటే ఇక మీద పండించుకోగలది.
ఆగామి అంటే రాబోయేది.
మూడింట్లోనూ ఉన్నది గడ్డే,
అక్కడ ఇంకేముంది గనక.
కాగితాలకు పిన్ను కొడుతూ, తలెత్తకుండా,
"గడ్డి అనే మాటయితే ఎక్కడా లేదమ్మా" అన్నాను.

తమ్ముళ్ళు బండి తీశారు.
మధ్యలో ఎక్కి, ముందున్నవాడి భుజం పట్టుకుంది.
తెల్లచొక్కా.
సిరా అంటకుండా
బొటనవేలొక్కటి పైకెత్తి పట్టుకుంది.